ఊరికి చెప్పకుండా గుడికి వెళ్ళిన రోజు

చాచా కూనిరాగం మధ్యలో ఆగిపోయింది. ప్రమాదం మా వైపు వస్తోందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పాడుబడ్డ గుడి మెట్ల మీద కూర్చుని, చేతికంటిన కుంకుమను గౌనుకు తుడుచుకుంటున్నాను. నాన్న కొంచెం అవతల శాసనం రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాల్లోకి ముగ్గుపిండి రుద్దుతున్నాడు. మా డ్రైవర్ చాచా కారు అద్దాలు తుడుస్తున్నాడు. పని చేస్తున్నంతసేపూ ఆయన గొంతులో ఏదో ఒక రాగం సన్నగా ఆడుతూనే ఉండేది. అది ఆగింది. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని జొన్నచేను వైపు చూస్తున్నాడు. గాలి లేదు. చేను మాత్రం కదులుతోంది.

“బేటా, నాయిన దగ్గరికి పో. ఉరకకు. మెల్లగ పో” అన్నాడు.

ఇన్నేళ్ళకు ఇది రాయడానికి కూర్చున్నానంటే కారణం మా నాన్నే. రెండు రోజులు ఉండి వెళ్దామని సికింద్రాబాదు కార్ఖానా పేటలోని తన ఇంటి నుంచి యాప్రాల్‌లో మా ఫ్లాటుకు వచ్చాడు. ఈ సాయంత్రం భోజనాల దగ్గర నా పిల్లలు “తాతయ్యా, దొంగల గుడి కథ చెప్పు” అని పట్టుకున్నారు. ఆ కథ వాళ్ళకు కంఠతా వచ్చు. అయినా చెప్పించుకుంటారు. పల్లెటూరివాళ్ళు కర్రలు పట్టుకుని చుట్టుముట్టడం, లంకెబిందెలు తవ్వుకుపోయే దొంగలనుకోవడం, అప్పుడు తాతయ్య ఖంగుమనే గొంతుతో శాసనం చదివి వినిపించడం, ఊరు ఊరంతా చేతులు జోడించి మజ్జిగ ఇచ్చి ట్రాక్టరు మీద సాగనంపడం.

“మరి డ్రైవరు?” అని మా పాప అందించింది. ఆ మాట ఎక్కడ అందించాలో కూడా దానికి తెలుసు.

“డ్రైవరా! కర్రలు కనపడగానే కారు వదిలేసి, ప్యాంటు ఎగ్గట్టుకుని పరుగో పరుగు! ఇప్పటికీ ఎక్కడా ఆగి ఉండడు.”

పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. మా బాబు నిక్కరు రెండు చేతులతో పైకి పట్టుకుని సోఫా చుట్టూ పరిగెత్తాడు. తర్వాత ఆయాసపడుతూ వచ్చి, “అమ్మా, నిజంగా దొంగలొస్తే మా వ్యాన్ అంకుల్ కూడా మమ్మల్ని వదిలేసి అలాగే పారిపోతాడా?” అని అడిగాడు.

“డ్రైవర్లంతా అంతేరా” అన్నాడు నాన్న, పెరుగు కలుపుకుంటూ.

నేను ఏమీ అనలేదు. అనకపోవడం నాకు బాగా అలవాటు. మొదటి సంవత్సరాల్లో నాన్న చెప్పే కథలో ‘పాపం, ఆ డ్రైవరు’ అనే మాట ఉండేది. కొన్నేళ్ళకు ఆ పాపం పోయింది. తర్వాత డ్రైవరే కనపడకుండా పోయాడు. నా పెళ్ళయ్యాక, మా ఆయన ముందు మొదటిసారి చెప్పినప్పుడు, అందరూ నవ్వడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి, డ్రైవరు మళ్ళీ వచ్చి పరిగెత్తాడు. ఆ రోజు పళ్ళెంలో కూర వడ్డిస్తూ నేనూ నవ్వాను.

పిల్లలు నిద్రపోయారు. ఆ నవ్వు సంగతి ఎవరికైనా చెప్పుకోవాలంటే ఈ కాగితం తప్ప వేరే దిక్కు లేదు.

మాది గోదావరి వైపు కుటుంబం. నాన్న కార్ఖానాలో మందుల ఏజెన్సీ పెట్టాడు. ఇంటి ముందు గదంతా అట్టపెట్టెలు, వాటిలోంచి దగ్గుమందు వాసన, స్పిరిటు వాసన. వారమంతా ఆ పెట్టెల మధ్య విసుగ్గా తిరిగే మనిషి ఆదివారం వచ్చేసరికి మారిపోయేవాడు. ఆయనకు శాసనాల పిచ్చి. ఎక్కడో పొలాల్లో పడి ఉన్న కాకతీయుల నాటి గుడి, దాని ముందు అక్షరాలు చెక్కిన నల్లరాయి, అంతకు మించి లోకం లేదు. నాకు అక్షరాలు గుర్తుపట్టడం నేర్పింది ఆయనే. అరిగిపోయిన ‘శ్రీ’ మీద నా వేలు పెట్టి తిప్పించి, “చూశావా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వాడు మనకు ఉత్తరం రాశాడు” అనేవాడు. ఆ మాటకు ఒళ్ళు జలదరించేది. ఆయన్ని ఎంత ప్రేమించానో కూడా రాయాలి, లేకపోతే ఇది అబద్ధమవుతుంది.

ఆ ఆదివారాలకు కారు చాచాది. సీతాఫల్‌మండి నుంచి తెల్లవారకముందే వచ్చి గేటు దగ్గర ఒక్కసారే, అదీ చిన్నగా, హారన్ కొట్టేవాడు. తెల్ల అంబాసిడర్. సీట్లకు వేడెక్కిన రెక్సిన్ వాసన, చాచా చొక్కాకు అత్తరు వాసన, రెండూ కలిస్తే నాకు సెలవు వాసన. ఆయనది జనగామ అవతల ఏదో చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల ఏ బాట ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. నాన్న పుస్తకాల్లో చదివిన ఊరి పేరు చెబితే, “గట్ల అననే అనరు సార్ ఆ ఊరిని, ఆ పేరు మీ బుక్కులనే ఉన్నది” అని నవ్వేవాడు. నాకు మాత్రం చెవిలో చెప్పేవాడు: “మీ నాయినకు రాళ్ళతోని మాట్లాడుడు మంచిగ వచ్చు బేటా. మనుషులతోనే జెర తక్లీఫ్.”

నేను ఇంట్లో ఆయన యాసలో మాట్లాడితే అమ్మ కసిరేది. అమ్మ దారికి పులిహోర, దిబ్బరొట్టె కట్టి ఇచ్చేది. నాకు కారులో వాంతులు కాబట్టి వాసన చూడ్డానికి నాలుగు నిమ్మకాయలు. చాచాకు వేరే స్టీలు గ్లాసు డిక్కీలో ఉండేది, దాని అడుగున ఎర్ర రంగు చుక్క. “అది డ్రైవరుది, ముట్టుకోకు” అనేది అమ్మ. నేను దొంగతనంగా ఆ గ్లాసులోనే నీళ్ళు తాగేదాన్ని. చాచా డబ్బాలోంచి ఆయన భార్య వండిన బగారన్నం తినేదాన్ని. లవంగం తగిలితే ఉమ్మేయబోయి, నాన్న చూస్తాడని మింగేసేదాన్ని. చాచా అటు తిరిగి చూడనట్టు నటించేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. గుడి ఎంత దగ్గరున్నా, ముందు ఊళ్ళోకి పోయేవాడు. టీ హోటల్ ముందు కారు ఆపి, కూర్చున్నవాళ్ళలో పెద్దాయన ఎవరో కనుక్కుని దండం పెట్టేవాడు. “పటేలా, సారు పట్నం నుంచి వచ్చిండు. మీ గుడికాడి రాయి మీద రాత చదువుతడట. గంటల పోతం. మీ పిల్లగాండ్లను సుత పంపుండ్రి, చూస్తరు.” మా వెనకాల పదిమంది పిల్లలు, ఒకరిద్దరు ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. నాన్నకు ఆ గోల చిరాకు. “వీళ్ళందరూ ఎందుకయ్యా?” అనేవాడు.

“గుడి కూలితే ఊరిది కాకుంట అయితదా సార్? తలుపు లేదని తట్టకుండ పోతమా?” అనేవాడు చాచా.

ఆ రోజు తట్టకుండా పోయాం.

దసరా సెలవులైపోయిన మొదటి ఆదివారం అనుకుంటాను. దారిలో టైరు పంక్చరై ఆలస్యమైంది. శాసనం చదవాలంటే పొద్దుటి ఏటవాలు ఎండ కావాలి, సూర్యుడు పైకెక్కితే నీడలు పోయి అరిగిన అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. ఊరి దారి చీలిన చోట చాచా కారు నెమ్మది చేశాడు.

“జెర ఊర్లకు పోయి ఒక్క మాట చెప్పొస్తా సార్. అయిదు నిమిషాలు.”

“నీ అయిదు నిమిషాలు నాకు తెలుసు. నువ్వు టీ తాగేలోపు ఎండ నెత్తిమీదికొస్తుంది. ముందు గుడికి పోనియ్.”

“మొన్ననే ఈ దిక్కు ఏదో గుళ్ళె తవ్వుకపోయిండ్రట సార్, మా బామ్మర్ది చెప్పిండు. ఊరోల్లు మస్తు గరం మీద ఉన్నరట.”

“మనం తవ్వడానికి వచ్చామా ఏవిటి? పోనీవయ్యా!”

చాచా పోనిచ్చాడు.

మూడు గర్భగుళ్ళున్న గుడి అది. మధ్య మండపం పైకప్పు సగం కూలి, పడ్డ రాళ్ళ మధ్య నుంచి సీతాఫలం మొక్కలు లేచాయి. స్తంభాలు నల్లగా, నున్నగా, చెయ్యి దగ్గర పెడితే నా గాజుల నీడ కనిపించేంత మెరుపు. నన్ను లోపలికి వదిలే ముందు చాచా కర్రతో నేలను తడుతూ మూడు గర్భగుళ్ళూ తిరిగొచ్చాడు, పాములేమైనా ఉంటే పోతాయని. ఎడమ వైపు దానిలో లింగాన్ని ఎవరో పెకిలించి పక్కకు దొర్లించారు. కింద నడుం లోతు గొయ్యి. తడి మట్టి ఇంకా కుప్పగా ఉంది.

నాన్న బయట శాసనం పనిలో పడ్డాడు. నాకు తోచలేదు. నాన్న సంచిలోంచి పెన్సిళ్ళు చెక్కే చాకు తీశాను. అది ముట్టుకుంటే వీపు పగులుతుందని ఆయన చాలాసార్లు చెప్పాడు. అమ్మ కుంకుమ భరిణె ఒకటి నేను బడిసంచిలో దాచుకుని తెచ్చాను, అదీ దొంగతనమే. నిమ్మకాయలు నాలుగూ కోశాను. ఇంట్లో కొత్త స్కూటరు కొన్నప్పుడు చేసిన పూజ గుర్తు. ఎనిమిది చెక్కలకూ కుంకుమ అద్ది, దేవుడు పోయిన ఆ గొయ్యి చుట్టూ వరసగా పెట్టాను. గుప్పెడు ముగ్గుపిండి తెచ్చి నాకొచ్చిన నాలుగు చుక్కల ముగ్గు వేశాను. నుదుట ఇంత బొట్టు పెట్టుకున్నాను. దేవుడు లేకపోతే ఏం, పూజారిని నేనున్నానుగా అనిపించింది.

చాచా తొంగిచూసి గతుక్కుమన్నాడు. “యా అల్లా! బేటా, ఏందిది? జెర తొందరగ తీసెయ్. ఊరోల్లు చూస్తే పరేషాన్ అయితది. నేనైతే వీటిని ముట్టుకోను, నువ్వే తియ్యి.”

“తీస్తాలే చాచా” అన్నాను.

తీయలేదు. మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు ఆ కూనిరాగం ఆగింది.

చేనులోంచి ఆరుగురు మగవాళ్ళు వచ్చారు. కర్రలున్నాయి, ఒకరి చేతిలో కొడవలి. వాళ్ళ వెనకే ఇంకా కొందరు, ఆడవాళ్ళు కూడా. తలపాగా చుట్టిన పెద్దాయన నాన్న ముందున్న రాయిని చూశాడు. నల్లరాతి మీద అక్షరాలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఎవల్లు మీరు? ఏం రాస్తున్నరు దీని మీద?”

“రాయడం లేదండీ, చదువుతున్నాను.”

“పొద్దుపొద్దుగాల ఎవలకు చెప్పి వచ్చిండ్రు?”

లోపలి నుంచి ఎవరో అరిచారు. “ఓ పటేలా! గిటు రా! నిమ్మకాయలు కోసిండ్రే! ముగ్గు పోసిండ్రు!”

ఒక ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. కుంకుమ. గౌను మీద కుంకుమ. నుదుట అంత బొట్టు. ఆమె నన్ను తన కొంగులోకి లాక్కుని ఏడుపు గొంతుతో, “పోరిని బలియ్యనీకి తెచ్చిండ్రు వీళ్ళు! చూడుండ్రి, బొట్టు సుత పెట్టిండ్రు! ఎవలు కన్న బిడ్డనో” అంది.

“అది నా కూతురమ్మా!” అన్నాడు నాన్న. ఆయన గొంతు అలా పీలగా రావడం నేను అంతకు ముందు వినలేదు.

“గీయన నీ నాయిననేనా బిడ్డా?” అని ముసలమ్మ నన్ను అడిగింది.

తలూపాను.

“మరి నిమ్మకాయలు ఎవలు కోసిండ్రు?”

ఇక్కడ నా భయం ఎలాంటిదో నిజాయితీగా రాయాలి. కర్రలకు భయపడలేదు. కోసింది నేనేనంటే చాకు తీసిన సంగతి నాన్నకు తెలుస్తుంది. భరిణె సంగతి అమ్మకు తెలుస్తుంది. నా భయం అంతే. నోరు మూసుకున్నాను.

నాన్న నా వైపు చూశాడు, తర్వాత వాళ్ళ చేతుల్లో కర్రల వైపు చూశాడు. “నేను పొద్దుట్నుంచీ బయటే ఉన్నానండీ. ముందు లోపలికి వెళ్ళింది డ్రైవరు.”

అది నిజమే. ఆ వాక్యంలో ఒక్క అబద్ధమూ లేదు.

“గంతేనా బిడ్డా? డ్రైవరేనా?”

నేను మళ్ళీ తలూపాను.

చాచా నన్ను చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. మా బాబు జ్వరంలో మందు కక్కేసినప్పుడు నేను ఎలా చూస్తానో అలా చూశాడు. “నేనే పెట్టిన పటేలా” అన్నాడు. “బండికి దిష్టి తీసిన. గొయ్యి కనబడితే అండ్ల పడేసిన. తప్పయింది.”

“దిష్టి తీసినోడు ముగ్గు పోస్తడా? నీ పేరేంది?”

చాచా చెప్పాడు.

ఆ పేరు వినగానే పడుచువాడొకడు, “నీకు గుళ్ళె ఏం పనిరా?” అంటూ కర్రతో పిక్కల మీద కొట్టాడు. రెండో దెబ్బ భుజం మీద. చాచా చేతులు అడ్డం పెట్టుకుని, వాళ్ళను కాకుండా నాన్నను చూసి అన్నాడు: “సార్, జెర మీరు చెప్పుండ్రి సార్. నాలుగేండ్ల సంది ఎన్ని గుళ్ళు తిరిగినం మనం!”

నాన్న అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాకేం తెలుసయ్యా. కిరాయి బండి. పిలిస్తే వచ్చావు.”

తర్వాత నాన్న శాసనం చదివిన మాట నిజం. మొదట గొంతు వణికినా, రెండో వరుసకే సర్దుకుంది. గుడికి చెరువు కింది భూమి దానమిచ్చిన సంగతి, ఆ దానాన్ని చెరిచినవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడన్న సంగతి చదివి అర్థం చెప్పాడు. వాళ్ళ ఊరి చెరువు పేరు రాతిలోంచి వినపడేసరికి పెద్దాయన తలపాగా తీసేశాడు. నిజంగానే మజ్జిగ ఇచ్చారు. అదంతా జరుగుతున్నంతసేపూ చాచాను మండపం స్తంభానికి, ఎద్దుల పలుపుతాడుతో కట్టేసి ఉంచారు. పోలీసులకు కబురు పెట్టారు. “నువ్వు పో సారూ, చదువుకున్నోనివి, పసిపిల్ల ఉన్నది. వీని సంగతి మేం చూసుకుంటం” అన్నాడు పెద్దాయన.

ట్రాక్టరు ట్రాలీలోంచి వెనక్కి చూశాను. చాచా చెవి కింద చొక్కా కాలరు ఎర్రగా ఉంది. ముసలమ్మ ఆయనకు నీళ్ళు తాగిస్తోంది, దోసిట్లో పోస్తే తాగే వీలు లేదు కాబట్టి చెంబు నోటికందించి. నాన్న చెయ్యి నా కళ్ళ మీద పెట్టి, “చూడకు” అన్నాడు. బస్సులో సికింద్రాబాదు దాకా నా మణికట్టు వదల్లేదు. గాజుల అచ్చులు రెండు రోజులున్నాయి. ఇప్పుడు నాకూ పిల్లలున్నారు, ఆ పట్టు ఏమిటో తెలుసు. వాళ్ళు నా పక్కనుంటే నేను ఎవరి పేరు చెప్పేదాన్నో కూడా తెలియదు. కానీ ఆయన రెండో చేతిలో, ఒళ్ళో భద్రంగా, శాసనం రాసుకున్న నోటు పుస్తకం ఉంది. దాన్ని మర్చిపోలేదు.

పన్నెండు రోజుల తర్వాత చాచా మా గేటు దగ్గరికి వచ్చాడు. ఈసారి హారన్ లేదు, నడిచొచ్చాడు. కారు అద్దాలన్నీ పగలగొట్టారట. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. కారులో మిగిలిపోయిన మా టిఫిన్ క్యారియరు తెచ్చాడు, తళతళా తోమి.

“బేటా మంచిగున్నదా అమ్మా? భయపడ్డదా?” అని అడిగాడు.

“బాగానే ఉంది” అంది అమ్మ. నేను కిటికీ తెర వెనక ఉన్నాను. తెరకు ఒక చిరుగు, అందులోంచి ఆయన చెప్పులు కనపడుతున్నాయి. బయటికి వెళ్ళి ఒక్క మాట అనొచ్చు. నాన్న ఇంట్లో లేడన్నారు. ఉన్నాడు, లోపలి గదిలో వ్యాసం రాసుకుంటున్నాడు. చాచా వెళ్ళిపోయాక అమ్మ క్యారియరును మళ్ళీ తోమించింది.

ఆ వ్యాసం అచ్చయింది. చివర ఊరి పెద్దలకు కృతజ్ఞతలు చెప్పాడు నాన్న. తర్వాత ఆదివారాలకు వేరే బండి వచ్చేది. వేరే డ్రైవరు. అతనికి ముందు ఊళ్ళోకి పోయే అలవాటు లేదు, పాటల అలవాటూ లేదు. రెండు మూడు సార్లు వెళ్ళి నేను వాంతుల వంక పెట్టి మానేశాను.

ఇప్పుడు నేను ఎక్కిన ప్రతి క్యాబ్ నంబరు ఫోటో తీస్తాను. పిల్లల స్కూలు వ్యాను అయిదు నిమిషాలు ఆలస్యమైతే మూడు ఫోన్లు చేస్తాను. లోకంలో డ్రైవర్లందరి మీదా కన్నేసి ఉంచుతాను. ఆ రోజు గుళ్ళో నన్ను కాపాడింది డ్రైవరని, అతన్ని పట్టించింది నేనని, నా ఒంటికి మాత్రం ఇంకా తెలియదు కాబోలు. అందుకే అది ఇప్పటికీ డ్రైవర్లకే భయపడుతుంది.

పైదంతా రాసి పడుకున్నాను. పొద్దున జరిగింది ఇప్పుడు చేరుస్తున్నాను.

పిల్లలు యూనిఫాంలో దోసెలు తింటున్నారు. నాన్న ఎదురుగా పేపరు చదువుతున్నాడు. వ్యానుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. పొయ్యి ఆపి వచ్చి కూర్చుని, తాతయ్య చెప్పిన కథలో డ్రైవరు పరిగెత్తలేదని చెప్పాను. చాకు, భరిణె, నిమ్మకాయలు, తలూపడం, స్తంభం, క్యారియరు, అన్నీ చెప్పాను.

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా పిల్లలకి?” అన్నాడు నాన్న పేపరు దించకుండా.

“అయితే పారిపోయింది ఎవరమ్మా?” అన్నాడు మా బాబు.

“తాతయ్యా నేనూ ఇద్దరం” అన్నాను.

పేపరు కదల్లేదు. మా పాప దోసె ముక్క పక్కన పెట్టి అడిగింది: “ఆ చాచా పేరేంటి?”

నేను నాన్న వైపు చూశాను. పాప కూడా చూసింది. పేపరు మడతపెట్టి, “గుర్తులేదు తల్లీ” అన్నాడు ఆయన.

అప్పుడు పిల్లలకు చెప్పాను: “నాకూ తెలియదు. ఆయన పేరు ఆ ఊరివాళ్ళు అడిగారు, ఆయన చెప్పాడు, నేను గుర్తుపెట్టుకోలేదు. నాలుగేళ్ళు ఆయన బండిలో తిరిగి, నేను ఒక్కసారీ అడగలేదు.”